తెలుగు తరగతిలో బహుళ ప్రజ్ఞలు: ఒక వారం పాఠాన్ని అమలుచేసే పద్ధతి

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పుస్తకాల్లో బహుళ ప్రజ్ఞల అధ్యాయం, అంటే తెలివి ఒకటి కాదు, చాలా రకాలు అని చెప్పే సిద్ధాంతం, చదివినవాళ్ళందరికీ వచ్చే సందేహం ఒకటుంది. తరగతిలో ముప్పై మంది, ప్రజ్ఞలు ఎనిమిది, పీరియడ్ నలభై నిమిషాలు. ఎనిమిది రకాల పాఠాలు ఎక్కడ చెప్పాలి?

చెప్పక్కర్లేదు. పాఠం ఒక్కటే, దాంట్లోకి దారులు మూడో నాలుగో ఉంటే చాలు. ఆ దారుల్లో పిల్లలంతా నడవాలి. ఇక్కడ నాలుగో తరగతి తెలుగును ఉదాహరణగా తీసుకుని, ద్విత్వాక్షరాలను ('అమ్మ'లో మ్మ, 'బుట్ట'లో ట్ట లాగా ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా వచ్చేవి) 'సంత' అనే అంశంతో కలిపి ఐదు పీరియడ్లలో ఎలా నడపాలో వరుసగా చెబుతున్నాం. అంశం మార్చుకున్నా పద్ధతి ఇదే.

1. ముందు రెండు మాటలను విడదీసుకోండి

బహుళ ప్రజ్ఞలు వేరు, అభ్యసన శైలులు వేరు. మొదటిది అమెరికన్ మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించినది. భాష, తర్కం–గణితం, దృశ్యం–స్థలం, శరీర చలనం, సంగీతం, ఇతరులతో మెలగడం, తనను తాను తెలుసుకోవడం అని ఏడు చెప్పి, తర్వాత ప్రకృతి పరిశీలనను చేర్చారు. రెండోది 'ఈ బిడ్డ చూసి నేర్చుకుంటాడు, ఆ బిడ్డ విని నేర్చుకుంటుంది' అనే వర్గీకరణ. ఈ రెండూ ఒకటి కావని గార్డ్‌నరే స్పష్టం చేశారు.

పిల్లల శైలిని బట్టి బోధిస్తే బాగా నేర్చుకుంటారన్న వాదనకు తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. అందువల్ల 'మీకు చూడటం ఇష్టమా, వినడం ఇష్టమా' అని ప్రశ్నావళి ఇచ్చి పిల్లల్ని జట్లుగా విడగొట్టే పని పెట్టుకోకండి. చూసి నేర్చుకునే పిల్లాడు అని ముద్ర వేసి ఒకడికి బొమ్మలే ఇస్తూ పోతే, వాడికి వినికిడిలో ఉన్న లోపం వార్షిక పరీక్షల దాకా బయటపడదు.

గార్డ్‌నర్ సిద్ధాంతం మీదా విమర్శలున్నాయి. తరగతి గదిలో మాత్రం అది ఒక మంచి పని చేస్తుంది: పాఠం తయారుచేసుకునేటప్పుడు 'నేను మాట్లాడటం, వాళ్ళు రాసుకోవడం' కాక ఇంకేం చేయవచ్చో గుర్తుచేస్తుంది. దాన్ని అంతవరకు వాడుకుందాం.

2. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

కృత్యాల జోలికి వెళ్ళకముందు చేయాల్సిన పని ఇదే. 'ద్విత్వాక్షరాలపై అవగాహన కల్పించడం' అని రాస్తే కొలవలేరు. ఇలా రాయండి:

'వారం చివరికి పిల్లలు సంతలో కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఎనిమిది వరుసల సంభాషణ సొంతంగా రాసి చదవాలి. అందులో ద్విత్వాక్షరమున్న పదాలు ఆరైనా తప్పు లేకుండా ఉండాలి.'

ఈ వాక్యాన్ని పాఠ్య పథకం పైన పెద్దగా రాసుకోండి. ఏ ఆటైనా, పాటైనా, బొమ్మైనా దీని దగ్గరికి తీసుకెళ్తోందా అని చూడండి. లేకపోతే ఎంత ముచ్చటైన కృత్యమైనా తీసేయండి.

సంతనే ఎందుకు ఎంచుకున్నామంటే అక్కడ ద్విత్వాలు కుప్పలుగా దొరుకుతాయి. ఉల్లి, అల్లం, పప్పు, బియ్యం, నెయ్యి, కొబ్బరి, బుట్ట, కట్ట, తక్కెడ, చిల్లర, ఎక్కువ, తక్కువ, మొత్తం. పదాలను వెతుక్కుని అతికించాల్సిన పని ఉండదు. (తెలంగాణలో అయితే పాఠానికి 'అంగడి' అనే పేరు పెట్టండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డలతో డ్డ ఒత్తు ఉచితంగా వస్తుంది.)

3. వారం ముందు నుంచి గమనించండి

ఒక నోటుపుస్తకం తీసుకుని రోజుకు ఐదుగురి చొప్పున ఆరు రోజుల్లో ముప్పై మందినీ గమనించండి. ఒక్కొక్కరికి మూడు గడులు చాలు:

- ఇంట్లో మాట్లాడే భాష ఏది? తెలుగా, ఉర్దూనా, లంబాడీనా, కోయా, గోండీ, సవరా?
- చదువు ఎక్కడ ఆగుతోంది? విన్న మాటను పట్టుకోవడంలోనా, చూసి చదవడంలోనా, రాయడంలోనా, నోరు విప్పడంలోనా?
- ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఏం చేస్తుంటుంది? గీస్తుందా, లెక్కపెడుతుందా, పక్కవాళ్ళకు చెబుతుందా, ఒక్కతే కూర్చుంటుందా?

మూడో గడి పాఠానికి ప్రవేశం ఎలా ఉండాలో చెబుతుంది. రెండో గడి ఎక్కడ ఎక్కువసేపు ఉండాలో చెబుతుంది. ఈ రెంటిలో రెండోదే ముఖ్యం, కానీ చాలామంది మూడోదాని దగ్గరే ఆగిపోతారు.

నల్లబల్ల మీది అక్షరాలను కళ్ళు చికిలించి చూసేవాళ్ళు, వెనక నుంచి పిలిస్తే పలకనివాళ్ళు, ఎన్ని విధాల చెప్పినా అక్షరాలు తారుమారయ్యేవాళ్ళు కనిపిస్తే దాన్ని 'శైలి' కింద జమకట్టకండి. కంటి, చెవి పరీక్ష చేయించండి. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేది) ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు, వాళ్ళతో మాట్లాడండి.

4. దారిని బిడ్డను చూసి కాదు, విషయాన్ని చూసి ఎంచుకోండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. భాషలో ఒక్కో విషయం ఒక్కో ఇంద్రియానికి సులువుగా చిక్కుతుంది.

- హ్రస్వ దీర్ఘాలు: చెవి, చెయ్యి. వడ–వాడ, నెల–నేల, మెడ–మేడ, కొన–కోన. హ్రస్వానికి ఒక చప్పట్టు. దీర్ఘానికి చప్పట్టు కొట్టి, పలుకుతున్నంతసేపూ చేతులు రెండు వైపులా సాగదీయాలి.
- అక్షర రూపం: చెయ్యి, కన్ను. ఇసుక పళ్ళెంలో వేలితో, తర్వాత పలక మీద, చివరకు కాగితం మీద. వ–ప, మ–య, ద–ధ, బ–భ జంటలను పక్కపక్కన పెట్టి ఏ గీత తేడాయో వేలితో చూపించాలి.
- పద్యం: లయ. ముందు తాళం వేస్తూ పాడటం, తర్వాతే పదాలు విడదీయడం. తొమ్మిదో తరగతిలో ఛందస్సు చెప్పేటప్పుడు లఘువుకు ఒక చిటిక, గురువుకు రెండు చిటికెల కాలం అనుకుని తాళం వేయిస్తే గణ విభజన భయపెట్టదు.
- సంధులు: తర్కం. సూత్రం ముందు చెప్పకండి. ఊరు + అంతా = ఊరంతా, అతడు + ఎక్కడ = అతడెక్కడ, ఇప్పుడు + ఏమి = ఇప్పుడేమి అని ఉదాహరణలు పది ఇచ్చి 'ఏది పోయింది, ఏది మిగిలింది' అని అడగండి. సూత్రం వాళ్ళే చెబుతారు, పేరు మీరు చెప్పండి.
- కథ: క్రమం, బొమ్మ. ఆరు బొమ్మలను వరుసలో పెట్టించి నోటితో చెప్పించడం.
- సంభాషణ: ఇద్దరు మనుషులు ఉండాలి. పుస్తకంలోని సంభాషణను ఒక్కడే నిలబడి చదవడం సంభాషణ కాదు.
- డైరీ, లేఖ: ఒంటరి పని. జట్టులో పెట్టి పాడుచేయకండి.

ఇక మన విషయం, ద్విత్వాలు. ఇందులో ఒక మెలిక ఉంది.

మ్మ, న్న, ల్ల, య్య పలికేటప్పుడు ధ్వని సాగుతుంది. 'అమ్మ' అంటుంటే పెదవులు మూసుకున్నా మూలుగు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే చెవికి తేలిక. కానీ ఆ ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. మ ఒత్తు చూస్తే మ గుర్తు రాదు. కాబట్టి కంటికి కష్టం.

ప్ప, ట్ట, డ్డ, బ్బ, చ్చ, క్క విషయంలో ఇది తిరగబడుతుంది. ఒత్తు దాదాపు అదే అక్షరం, తలకట్టు ఉంటే తీసేసి చిన్నదిగా కింద పెట్టినట్టు ఉంటుంది. కంటికి తేలిక. కానీ 'బుట్ట' అనేటప్పుడు మధ్యలో వినిపించేది నోరు బిగిసిన ఒక క్షణం, ముఖ్యంగా ప్ప, ట్ట, చ్చ, క్కల్లో పూర్తి నిశ్శబ్దం. వినపడనిదాన్ని పిల్లలు రాయరు. 'బుట' అని రాసిన బిడ్డ అజాగ్రత్తగా రాయలేదు, విన్నంత రాసింది.

త్త రెండు రకాలుగానూ కష్టమే. మధ్యలో నిశ్శబ్దం, రూపం కూడా వేరు. కాబట్టి అది చివర.

ఈ మూడు గుంపులకూ ఒకే కృత్యం పెడితే ఒక గుంపే బాగుపడుతుంది. మొదటిదానికి కంటి పని ఎక్కువ, రెండోదానికి చెవి, ఒంటి పని ఎక్కువ, మూడోదానికి రెండూ.

5. సామగ్రి సిద్ధం చేసుకోండి (30 మందికి)

ఆరుగురి చొప్పున ఐదు జట్లు అనుకుందాం.

- పదాల అట్టముక్కలు: 24 పదాలు × 5 జట్లు = 120. పాత శుభలేఖ ఒక్కోదానికి నాలుగు ముక్కల చొప్పున 30 శుభలేఖలు చాలు.
- చింతగింజలు: తలా పది, మొత్తం 300. ఐదో రోజు సంతలో ఇవే డబ్బు.
- ఇసుక: ఐదు పళ్ళేల్లో వేలు మందాన.
- సంభాషణ పట్టీలు: ఎనిమిది వరుసలు × 5 జట్లు = 40. ఎ4 కాగితాన్ని అడ్డంగా కోస్తే సరిపోతాయి.
- అసలు సరుకులు: ఉల్లిపాయ, అల్లం ముక్క, కొత్తిమీర కట్ట, బియ్యం, కొబ్బరి చిప్ప, నిమ్మకాయ. ఇవి కొనక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వండే అమ్మను ముందు రోజు అడిగితే చాలావరకు దొరుకుతాయి.

24 పదాలు ఇవి:

మొదటి గుంపు: గుమ్మడి, నిమ్మకాయ, జొన్నలు, వెన్న, ఉల్లి, అల్లం, బియ్యం, నెయ్యి.
రెండో గుంపు: పప్పు, బుట్ట, గుడ్డు, చెప్పులు, కొబ్బరి, కట్ట, తక్కెడ, పచ్చడి.
మూడో గుంపు: కొత్తిమీర, మొత్తం, కత్తి, సుత్తి, పత్తి, వత్తులు, మెత్తని, బత్తాయి.

అట్టముక్క మీద అక్షరం రెండు అంగుళాల ఎత్తుండాలి, ఒత్తు మాత్రం ఎర్ర స్కెచ్‌తో రాయండి. రెండో వైపు బొమ్మ వేయకండి. బొమ్మ ఉంటే పిల్లలు దాన్నే చూసి పదం చెప్పేస్తారు, చదవరు.

6. ఐదు పీరియడ్ల వరుస

*మొదటి రోజు: వినడం, మాట్లాడటం*

కళ్ళు మూయించి సరుకులు ఒక్కొక్కటి చేతికివ్వండి. వాసన చూసి, తడిమి పేరు చెప్పాలి (8 నిమిషాలు). ఇంటి భాషలో చెప్పినా ఆమోదించి, ఆ మాటను బల్ల మీద తెలుగు మాట పక్కన రాయండి. 'ఉల్లిగడ్డ' అన్నవాళ్ళను 'ఉల్లిపాయ' అని దిద్దడం ఈ పాఠం పని కాదు.

తర్వాత ఒక పిల్లాణ్ణి పక్కన నిలబెట్టుకుని బేరం ఆడి చూపించండి, రెండుసార్లు. రెండోసారి ధర మార్చండి (7 నిమిషాలు). జంటలుగా పిల్లలు ఆడతారు. పాత్రలు ఒకసారి మారాలి (12 నిమిషాలు). సరుకులను పండు, కూర, గింజ, వంటసామాను అని నాలుగు కుప్పలు చేయిస్తూ ఎందుకు ఆ కుప్పలో పెట్టారో పూర్తి వాక్యంలో చెప్పించండి (8 నిమిషాలు). చివరి ఐదు నిమిషాల్లో తమకు నచ్చిన మూడు సరుకుల పేర్లు రాస్తారు. ఇవి దిద్దకుండా దాచండి, ఐదో రోజు పనికొస్తాయి.

*రెండో రోజు: ఒత్తు*

పిల్లలు వరండాలోకి. పదం మీరు పలుకుతారు. అక్షరానికి ఒక అడుగు. ఒత్తు వచ్చిన చోట అడుగు వేసే ముందు ఠక్కున ఆగి, గుంజీలు తీసినట్టు కూర్చుని లేవాలి. జంటలతో మొదలుపెట్టండి: గడి–గడ్డి, బలి–బల్లి, చెలి–చెల్లి, మొన–మొన్న. తర్వాత రెండో గుంపు పదాలు. ఆ ఆగడమే వాళ్ళకు వినిపించని నిశ్శబ్దం. ఒంట్లోకి వచ్చాక చెవి పట్టుకుంటుంది (10 నిమిషాలు. అంతకు మించితే ఆటే మిగులుతుంది).

లోపలికొచ్చి ఇసుక పళ్ళేల దగ్గర మొదటి గుంపు ఒత్తులు. పలుకుతూ రాయాలి, నోరు మూసుకుని గీస్తే లెక్కలోకి రాదు (12 నిమిషాలు). ఇక్కడ ఒక చోట అందరూ పడతారు. 'గడ్డి'లో ఇకారం వినిపించేది చివర, గుడి రాసేది పైనున్న డ మీద. నోరు నడిచే వరుసా చెయ్యి నడిచే వరుసా ఒకటి కావు. అందుకే 'గడిడ', 'నెయియ' లాంటివి కనిపిస్తాయి. పలికించే వరుస ఇది: 'డకు గుడిస్తే డి, డికి డ ఒత్తిస్తే డ్డి.' ఐదుసార్లు రాసే బదులు ఈ వాక్యం పలుకుతూ రెండుసార్లు రాయడం మేలు.

మిగిలిన సమయంలో అట్టముక్కలు: జట్టులో ఒకరు చదువుతారు, ఒకరు రాస్తారు, ఒకరు సరిచూస్తారు. మిగతా ముగ్గురిదీ అదే వరుస. మూడు ముక్కలకోసారి పని మారాలి.

*మూడో రోజు: చదవడం, తర్కం*

జట్టుకు ఎనిమిది పట్టీలు, కలగాపులగంగా:

'బత్తాయిలు ఎలా ఇస్తున్నావు తాతా?'
'డజను ఎనభై అమ్మా.'
'ఎక్కువ చెబుతున్నావు. అరవైకి ఇస్తావా?'
'గిట్టదమ్మా. డెబ్బైకి తీసుకో.'
'సరే, అర డజను చాలు.'
'ముప్ఫై ఐదు ఇవ్వు.'
'యాభై నోటుంది, చిల్లర ఇస్తావా?'
'ఇదిగో పదిహేను.'

వరుసలో పెట్టాలంటే లెక్క కట్టక తప్పదు. డెబ్బైలో సగం ముప్ఫై ఐదు అయితేనే అర డజను దాని పైన ఉండాలని తేలుతుంది. లెక్కల్లో ముందుండి తెలుగులో వెనకబడే పిల్లలు ఈ రోజు నోరు విప్పుతారు (15 నిమిషాలు). తర్వాత పాత్రలవారీగా చదవడం (10), ద్విత్వాల కింద గీత గీయడం (5), మీరు ధర మార్చి ఇస్తే చివరి మూడు వరుసలు మార్చి రాయడం (10).

*నాలుగో రోజు: రాయడం*

మొదటి పది నిమిషాలు తయారీ. మూడింటిలో నచ్చినది ఎంచుకోవచ్చు: దుకాణం గీసి ఆరు సరుకులకు పేర్లు రాయడం, జతగాడితో బేరం ఆడి చూసుకోవడం, ధరల చీటీ రాసుకోవడం. ఎంపిక ఉండేది ఇక్కడ మాత్రమే. తర్వాత ఇరవై నిమిషాలు అందరూ సంభాషణ రాయాలి, ఎవరిది వాళ్ళు. ఈ ఇరవై నిమిషాలూ తరగతి నిశ్శబ్దంగా ఉండాలి. ఒంటరిగా పని చేసుకునే పిల్లలకు వారం మొత్తంలో దొరికే చోటు ఇది. మీరు కూడా మాట్లాడకండి.

చివరి పది నిమిషాలు పక్కవారి కాగితం తీసుకుని ద్విత్వాల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. తప్పొప్పులు చెప్పరు, చుట్టడమే. రాసినవాళ్ళు తిరిగి చూసుకుని దిద్దుకుంటారు.

*ఐదో రోజు: సంత, ఆపైన పరీక్ష*

ఐదు దుకాణాలు, చింతగింజలే డబ్బు. కొనేవాళ్ళు చీటీ రాసిస్తేనే సరుకు. చీటీలో ఒత్తు తప్పితే అమ్మేవాళ్ళు 'ఈ సరుకు మా దగ్గర లేదు' అని తిప్పి పంపాలి. ఈ ఒక్క నియమంతో ఆట చదువవుతుంది (20 నిమిషాలు, పదో నిమిషంలో పాత్రలు మారాలి). సర్దుకోవడానికి ఐదు నిమిషాలు. ఆపైన ఎనిమిది పదాలు, రెండు వాక్యాల ఉక్తలేఖనం (మీరు చెబితే విని రాయడం), ఎవరి చోట వాళ్ళు (10). చివర మొదటి రోజు రాసిన మూడు పేర్ల కాగితం తిరిగిచ్చి తామే దిద్దుకోమనండి (5).

7. మార్కులు ఎలా వేయాలి

దారులు ఎన్నైనా కొలబద్ద ఒకటే. పదికి:

- సంభాషణ పొంతనగా సాగిందా: 3
- ద్విత్వాలు (ఆరు సరైనవి ఉంటే పూర్తి మార్కులు): 3
- తడబడకుండా చదవడం: 2
- ఎదుటివారు ధర మార్చితే అప్పటికప్పుడు జవాబు చెప్పడం: 2

బొమ్మకు మార్కుల్లేవు. బాగుంటే గోడకు అంటించండి. బొమ్మకు మార్కు వేసిన రోజు నుంచి పిల్లలు రాత మానేసి రంగులు దిద్దుతారు.

8. ఒక్కరే రెండు మూడు తరగతులు చూస్తుంటే

మొదటి, ఐదో రోజులు అందరినీ కలిపి నడపండి. మధ్య మూడు రోజుల్లో రాతపని మారుతుంది: మూడో తరగతి దుకాణాలకు ఎనిమిది పదాల బోర్డులు, నాలుగో తరగతి సంభాషణ, ఐదో తరగతి సంత గురించి ఊరికి వేసే కరపత్రం. అట్టముక్కలు మూడు తరగతులకూ అవే.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*ఎనిమిది మూలలు పెట్టడం.* తరగతిలో ఎనిమిది ప్రజ్ఞలకు ఎనిమిది మూలలు పెడితే ఐదు నిమిషాలకోసారి కుర్చీల మోతే మిగులుతుంది. పీరియడ్‌కు రెండు దారులు, వారానికి నాలుగైదు. మిగిలినవి వచ్చే పాఠంలో.

*పాఠ్య పథకంలో గడులు నింపడం.* 'సంగీత ప్రజ్ఞ: పాట పాడించుట' అని రాస్తే తనిఖీకి పనికొస్తుంది గానీ తరగతికి కాదు. ఆ గడిలో పిల్లలు ఏం పలుకుతారో, ఏం రాస్తారో ఉండాలి.

*పాట వచ్చింది, అక్షరం రాలేదు.* గుణింతాన్ని రాగంలో అప్పజెప్పిన బిడ్డ మధ్యలో 'కొ' చూపిస్తే మళ్ళీ 'క, కా, కి' నుంచి మొదలుపెడుతుంది. రాగం తోడు లేకుండా అక్కడక్కడా చూపించి అడగండి. పాట పాడేటప్పుడు వేలు అక్షరం మీద కదలాలి.

*కత్తిరింపులు పీరియడ్‌ను తినేయడం.* ముసుగులు, కిరీటాలు చేస్తూ ముప్పై నిమిషాలు గడిపితే ఆ ముప్పై నిమిషాల్లో పిల్లల నోటి నుంచి వచ్చిన తెలుగు 'జిగురు ఇవ్వు' ఒక్కటే. చేతిపని పీరియడ్‌లో ఐదో వంతు దాటకూడదు.

*ఎప్పుడూ ఆ నలుగురే నటించడం.* అమ్మేవాళ్ళ పేర్లు చీటీలు తీయండి. నలుగురిలో మాట్లాడలేని బిడ్డకు తొలుత ధర చెప్పే ఒక్క వాక్యం ఇవ్వండి. పూర్తిగా మినహాయించకండి.

*గోల.* చప్పుడుకు భయపడి కృత్యాలు మానేసేవాళ్ళున్నారు. ఆట మొదలయ్యే ముందే ఆగే గుర్తు నేర్పండి: మీరు చెయ్యి ఎత్తితే చూసినవాళ్ళు ఎత్తాలి, నోరు మూయాలి. రెండుసార్లు ఉత్తినే సాధన చేయించాకే మొదలుపెట్టండి. పక్క తరగతికి ముందుగా ఒక మాట చెబితే ఇంకా మంచిది.

10. విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులకు మార్పులు

అక్కడి పిల్లలకు చాలామందికి తెలుగు అర్థమవుతుంది, నోరు రాదు. వారానికి ఒక్కసారే తరగతి కాబట్టి ఐదు పీరియడ్లను మూడు వారాలకు పరచండి. రాత తగ్గించి బేరం పెంచండి.

వాళ్ళకు ద్విత్వం కన్నా ముందు త–ట తేడా రావాలి. ఇంగ్లీషులోని టీ ధ్వని ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, పదం మొదట్లో గాలి కూడా ఊదుతుంది. అందుకే 'తాత' కాస్తా 'టాటా'కు దగ్గరగా పోతుంది. 'మీకు త పలకదు' అని పదేపదే వినిపించడం వల్ల మారదు, నాలుక ఎక్కడ తాకాలో చెప్పాలి. తకు నాలుక కొన పైపళ్ళ వెనక్కి ఆనుతుంది, టకు వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. నోటి ముందు సన్నటి కాగితం పట్టి 'తాత', 'పాప', 'కాకి' అనిపించండి. కాగితం ఎగిరితే గాలి ఎక్కువైనట్టు. అద్దంలో చూసుకుంటూ మాత–మాట, పాత–పాట జంటలు పలికిస్తే చెవి కూడా మెల్లగా పట్టుకుంటుంది.

11. పాఠానికి ముందు రోజు సరిచూసుకోండి

- లక్ష్యం ఒక్క వాక్యంలో ఉందా? అందులో పిల్లలు చదివేది, రాసేది ఉందా?
- ప్రతి కృత్యానికీ నిమిషాలు వేశారా? మొత్తం నలభై దాటలేదా?
- ప్రతి పీరియడ్‌లో ఐదు నిమిషాలైనా రాత ఉందా?
- వారంలో ఒక్కసారైనా కదిలే పని, ఒక్కసారైనా నిశ్శబ్దంగా ఒంటరిగా చేసే పని ఉన్నాయా?
- అట్టముక్కలు లెక్కపెట్టారా? జట్టుకు 24?
- అక్షరాలు వెనక బెంచీ నుంచి కనిపిస్తున్నాయా? స్వయంగా వెళ్ళి కూర్చుని చూశారా?
- ఇంటి భాష వేరే ఉన్న పిల్లలు ఏ జట్టులో ఉన్నారు? ఒక్కరే ఒంటరిగా పడలేదు కదా?
- ఆగే గుర్తు పిల్లలకు తెలుసా?
- వాన పడితే రెండో రోజు వరండా ఆటను లోపల ఎలా ఆడించాలో అనుకున్నారా? (అడుగులకు బదులు బెంచీ మీద అరచేయి తట్టడం, ఒత్తు దగ్గర పిడికిలి బిగించడం.)